గదిలోనికి వచ్చిన వనం
ఛాయాచిత్ర సంయోజనం: ఒక పరిశీలన

'కెమెరా' అన్న మాటను మనం సాధారణంగా ఇంగ్లీషు మాటగా భావిస్తాం. నిజానికి అది లాటిన్ పదం. దాని అర్థం గది. అదే పదం పోర్చుగీసు వారి నోట మన దేశానికి వచ్చి ఉర్దూలో 'కమ్రా' అయింది. ఒకే మాట రెండు తోవల్లో ప్రయాణించి, ఒక తోవలో మనం నివసించే నాలుగు గోడలకూ, మరొక తోవలో ఛాయాచిత్రం తీసే యంత్రానికీ పేరైంది. ఈ బంధుత్వం కేవలం శబ్దానికి సంబంధించినది కాదు. బయటి ప్రపంచాన్ని ఒక గదిలోనికి తీసుకొని రావడమే కెమెరా మొదటి నుండి చేస్తున్న పని.

ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం దీనికి అతి సమీపమైనది. ఒక గది ఛాయాచిత్రం, ఒక చెట్టు ఛాయాచిత్రం మన వద్ద ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి, చెట్టు ఆ గదిలోనే మొలిచినట్లుగా మూడవ చిత్రాన్ని సృష్టించడం ఎట్లా? అట్లా సృష్టించిన చిత్రం కళ ఎప్పుడవుతుంది, వంచన ఎప్పుడవుతుంది? మొదటి ప్రశ్నకు సమాధానం భౌతిక శాస్త్రంలో ఉంది. రెండవ ప్రశ్నకు సమాధానం నీతి శాస్త్రంలో ఉంది. చేతిలోని ఫోను మీదనే క్షణాలలో ఇటువంటి చిత్రాలు తయారవుతున్న కాలంలో విద్యార్థులకు ఈ రెండు సమాధానాలూ తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

ప్రాచీనమైన కోరిక

మానవుడు గోడలు కట్టుకొన్న నాటి నుండి ఆ గోడల మధ్యకు ప్రకృతిని ఆహ్వానిస్తూనే ఉన్నాడు. ఇరాన్ చక్రవర్తి ఖుస్రో రాజప్రాసాదంలో ఒక అపురూపమైన తివాచీ ఉండేదని అరబ్బు చరిత్రకారులు వర్ణించారు. పట్టు, బంగారం, రత్నాలతో అందులో ఒక వసంతోద్యానాన్ని రూపొందించారట. బయట చలికాలం ఆకులను రాల్చివేసినప్పుడు లోపల ఆ తివాచీ పరుచుకొని వసంతాన్ని అనుభవించేవారట. క్రీ.శ. 637లో టెసిఫాన్ నగరం అరబ్బుల వశమైనప్పుడు ఆ తివాచీని ముక్కలు చేసి పంచుకొన్నారని కూడా వారే చెప్పారు.

అంత దూరం పోనవసరం లేదు. మన మచిలీపట్నం కలంకారీ వస్త్రాలను చూడండి. 'కలం', 'కారీ' అన్నవి రెండూ పారసీక పదాలు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుండి అద్దకపు వస్త్రాలు పర్షియా దేశానికి ఎగుమతి అయ్యేవి. పూల తీగలు, కొమ్మల మీద పక్షులు, నడుమ విస్తరించిన జీవన వృక్షం - ఇవి పలంగ్‌పోష్‌ల మీదికి, గోడ తెరల మీదికి ఎక్కి గదిని తోటగా మార్చాయి. ఆ తరువాత ఛాయాచిత్రం వచ్చింది. మన పట్టణాలలోని ఫోటో స్టూడియోలలో చిత్రకారుడు రంగులు వేసిన తెర వెనుక వేలాడుతూ ఉండేది. అందులో కొలను, కొలనులో హంసలు, ఒడ్డున పూలచెట్లు. కొత్త దంపతులు ఆ తెర ముందు నిలబడి ఉద్యానంలో విహరిస్తున్నట్లు ఫోటో తీయించుకొనేవారు. గదిలోనికి వనాన్ని తెచ్చే ఛాయాచిత్ర కళకు మన వీధులలో తొలి రూపం ఆ తెరయే.

ఈ కోరిక కేవలం విలాసం అని తోసివేయడానికి వీలు లేదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని 'సైన్స్' పత్రికలో ఒక చిన్న అధ్యయనాన్ని ప్రకటించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల రికార్డులను అతడు పరిశీలించాడు. వారిలో 23 మంది గదుల కిటికీల నుండి చెట్లు కనిపించేవి. తక్కిన 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లను చూసిన వారు శస్త్రచికిత్స తరువాత తక్కువ రోజులలోనే ఇంటికి వెళ్ళారు; నొప్పిని తగ్గించే తీవ్రమైన మందులు వారికి తక్కువగా అవసరమైనాయి. కంటి ముందు ఒక పచ్చని కొమ్మ ఉండడం ఎంత విలువైనదో ఈ అధ్యయనం సూచిస్తున్నది. అయితే అక్కడ ఉన్నవి నిజమైన కిటికీ, నిజమైన చెట్టు అన్న సంగతిని గుర్తు పెట్టుకోవాలి. వ్యాసం చివర ఈ విషయానికే తిరిగి రావలసి ఉంది.

చీకటి గది నేర్పిన పాఠం

ఛాయాచిత్రానికి పునాది అయిన సూత్రాన్ని ప్రయోగాలతో వివరించిన మహనీయుడు ఇబ్న్ అల్-హైసమ్. బస్రా నగరంలో సుమారు 965లో జన్మించి, కైరోలో సుమారు 1040లో మరణించిన ఈ శాస్త్రవేత్త రచించిన 'కితాబ్ అల్-మనాజిర్' దృష్టి శాస్త్రానికి మూలగ్రంథాలలో ఒకటి. అందులో ఆయన ఒక చక్కని ప్రయోగాన్ని చెప్పాడు. ఒక చీకటి చోటికి దారితీసే చిన్న రంధ్రం ముందు అనేక దీపాలను వేరువేరు స్థానాలలో ఉంచాలి. లోపలి గోడ మీద దీపానికొక్కటి చొప్పున వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని కప్పితే దానికి చెందిన మచ్చ ఒక్కటే మాయమవుతుంది, తక్కినవి చెక్కుచెదరవు. మూత తీస్తే అది తిరిగి తన స్థానంలోనే కనిపిస్తుంది.

దీని అర్థమేమిటి? అన్ని దీపాల వెలుగులూ ఒకే రంధ్రం గుండా వెళ్ళినా అవి ఒకదానితో ఒకటి కలిసి చెడిపోవడం లేదు. ప్రతి వెలుగూ తన సరళ మార్గాన్ని తాను పాటిస్తున్నది. చిత్రాలను కలిపే విద్యార్థి మొట్టమొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే. వెలుగుకు ఒక దిక్కు ఉంది. ఆ దిక్కును అది ఎన్నడూ తప్పదు.

ఇదే చీకటి గదిని మన కాలంలో అబెలార్డో మొరెల్ అనే ఛాయాచిత్రకారుడు కళగా మలిచాడు. క్యూబాలో 1948లో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఇతడు 1991 నుండి ఒక విచిత్రమైన పని ప్రారంభించాడు. గది కిటికీలను నల్లని తెరతో పూర్తిగా మూసి, అందులో చిన్న రంధ్రం చేస్తాడు. బయటి దృశ్యం తలక్రిందులై గోడల మీద, మంచం మీద, కుర్చీల మీద పరుచుకొంటుంది. ఆ గదినే ఫోటో తీస్తాడు. వెలుతురు చాలనందున తొలి చిత్రాలకు గంటల తరబడి కెమెరా కన్ను తెరిచి ఉంచవలసి వచ్చేది. న్యూయార్కులోని ఒక పడక గదిలో సెంట్రల్ పార్కు వృక్షాలన్నీ గోడ మీద వేలాడుతున్నట్లున్న చిత్రం ఈ విధంగా వచ్చినదే. కత్తెర లేదు, జిగురు లేదు, కంప్యూటరు అతికింపు లేదు. వెలుగే వనాన్ని గదిలోనికి మోసుకొని వచ్చింది.

రెండు నెగెటివ్‌లు, ఒక చిత్రం

ఛాయాచిత్రాలను కలపడం కంప్యూటరుతో పుట్టిన విద్య అని పలువురు అనుకొంటారు. ఇది ఛాయాచిత్రమంత పాతది. 1850 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన కొలోడియన్ గాజు పలకలు నీలి కాంతికి అతిగా స్పందించేవి. నేల సరిగా వచ్చేసరికి ఆకాశం తెల్లగా వెలిసిపోయేది. మేఘాలు కనిపించేవి కావు. ఫ్రాన్సుకు చెందిన గుస్తావ్ లె గ్రే 1856, 57 సంవత్సరాలలో సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి మరొక నెగెటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించి ఈ చిక్కును విడదీశాడు. అవసరమే ఇక్కడ కళకు తల్లి అయింది.

1857లో ఆస్కార్ రెయ్‌లాండర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లను కలిపి 'జీవితానికి రెండు మార్గాలు' అనే అర్థం గల పేరుతో ఒక పెద్ద చిత్రాన్ని మాంచెస్టరులో ప్రదర్శించాడు. మరుసటి సంవత్సరం హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లతో మరొక చిత్రాన్ని కూర్చాడు. అందులో క్షయించిపోతున్న ఒక యువతి, ఆమె చుట్టూ కుటుంబం. వెనుక కిటికీ దగ్గర మనకు వీపు చూపి నిలబడి, మేఘాలు కమ్మిన ఆకాశం వైపు చూస్తున్న పురుషుడు. గదిలోని దుఃఖానికి బయటి ఆకాశం సాక్షిగా నిలిచింది. ఇంతటి వేదనను ఛాయాచిత్రంగా చూపవచ్చునా అని ఆనాడు ఆక్షేపణలు వచ్చాయి. చిత్రలేఖనంలో అంగీకరించే దానినే ఛాయాచిత్రంలో జనం అంగీకరించలేకపోయారు. కారణం స్పష్టం. ఛాయాచిత్రం చూసినప్పుడు 'ఇది జరిగింది' అని మనసు నమ్ముతుంది. ఆ నమ్మకమే ఈ కళకు బలం. ఆ నమ్మకమే దీనికి ప్రమాదం.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ విద్యకు పరాకాష్ఠ జెర్రీ యుల్స్‌మన్. 1934లో డెట్రాయిట్ నగరంలో జన్మించి, ఫ్లారిడా విశ్వవిద్యాలయంలో చిరకాలం బోధించి, 2022లో మరణించిన ఈ ఆచార్యుడు కంప్యూటరును ఆశ్రయించకుండా డార్క్‌రూమ్‌లోనే వరుసగా పెట్టుకొన్న అనేక ఎన్‌లార్జర్లతో చిత్రాలను కూర్చేవాడు. 1976 నాటి ఒక ప్రసిద్ధ చిత్రంలో పుస్తకాల బీరువాలున్న గంభీరమైన గది కనిపిస్తుంది. దానికి పైకప్పు ఉండవలసిన చోట మేఘాలతో నిండిన ఆకాశం ఉంది. చూసే వానికి అది అసంభవమని తెలుసు. అయినా కన్ను దానిని కాదనలేదు.

అతడు పాటించిన పద్ధతి స్థూలంగా ఇది. మొదటి ఎన్‌లార్జర్‌లో గది నెగెటివ్, రెండవ దానిలో ఆకాశం నెగెటివ్ ఉంచుతారు. ముద్రణ కాగితం మీద గది బింబాన్ని వేసేటప్పుడు, పైభాగం మీద వెలుగు పడకుండా ఒక అట్టను అడ్డుగా పట్టుకొని మెల్లగా కదుపుతూ ఉంటారు. అట్ట కదలిక వలన అంచు మెత్తబడుతుంది. ఆ తరువాత కాగితాన్ని రెండవ ఎన్‌లార్జర్ క్రిందికి మార్చి, ఈసారి క్రింది భాగాన్ని కప్పి, పైభాగం మీద మాత్రం ఆకాశాన్ని వేస్తారు. డెవలపర్ ద్రావణంలో ముంచినప్పుడు రెండూ ఒకే దృశ్యంగా పైకి తేలుతాయి.

1990లో థామస్ నోల్, జాన్ నోల్ అనే సోదరులు రూపొందించిన ఫోటోషాప్ విడుదలైంది. 1994లో అందులో పొరల విధానం చేరింది. ఒక పొర మీద గది, దానిపై మరొక పొర మీద చెట్టు. పై పొరకు ఒక ముసుగు తగిలిస్తే, ముసుగులో తెలుపు ఉన్న చోట చెట్టు కనిపిస్తుంది, నలుపు ఉన్న చోట మరుగవుతుంది, బూడిద రంగు ఉన్న చోట సగం సగంగా కనిపిస్తుంది. యుల్స్‌మన్ చేతిలోని అట్టయే ఇక్కడ ముసుగు అయిందని గ్రహిస్తే సాంకేతిక భయం తొలగిపోతుంది. ఇప్పుడు మాటలతో అడిగితే చాలు, చిత్రాన్ని కల్పించి ఇచ్చే కృత్రిమ మేధ కూడా వచ్చింది. సాధనాలు మారినాయి, వెలుగు నియమాలు మారలేదు.

వెలుగు పెట్టే పరీక్ష

ఒక పఠన మందిరంలో వేపచెట్టును నాటాలనుకొందాం. గదికి ఎడమ వైపు కిటికీలు ఉన్నాయి. నేల నున్నని బండలు. ఈ చిత్రం ఆరు పరీక్షలలో నెగ్గాలి.

మొదటిది కంటి ఎత్తు. కెమెరాను నేలకు అయిదడుగుల ఎత్తున ఉంచి గదిని తీశామనుకొందాం. గదిలోని బల్లల అంచులు, బీరువాల వరుసలు దూరంగా పోతూ ఏ ఎత్తున కలుసుకొంటున్నట్లు తోస్తాయో అదే ఆ చిత్రానికి క్షితిజ రేఖ. చెట్టును కూడా అదే ఎత్తు నుండి, వీలైనంత వరకు అదే లెన్సుతో తీసి, దాని క్షితిజ రేఖ ఈ రేఖతో కలిసేటట్లు అమర్చాలి. మేడ మీద నుండి తీసిన చెట్టును నేల మీది గదిలో పెడితే అది నేలలో పాతుకొనదు, గాలిలో తేలుతుంది.

రెండవది వెలుగు దిక్కు. కిటికీలు ఎడమన ఉన్నందున చెట్టుకు ఎడమ పార్శ్వమే ప్రకాశించాలి. నీడ కుడికి పడాలి. అద్దంలో వలె చిత్రాన్ని తిప్పివేసి దిక్కు మార్చవచ్చు. అయితే తిప్పే చిత్రంలో ఒక నామఫలకం ఉంటే ఉర్దూ అక్షరాలు ఎడమ నుండి, తెలుగు అక్షరాలు కుడి నుండి మొదలై గుట్టు బయటపెడతాయి. ఇంకొక సూక్ష్మం ఉంది. సూర్యుడు అతి దూరాన ఉన్నందున అతడు వేసే నీడలన్నీ సమాంతరంగా ఉంటాయి. గదిలోని దీపం దగ్గరలో ఉన్నందున దాని నీడలు విసనకర్రలా విచ్చుకొంటాయి. ఈ రెండు రకాల నీడలను ఒకే నేల మీద కలపరాదు.

మూడవది వెలుగు పరిమాణం. నడి ఎండలో వెలుగు సుమారు లక్ష లక్సులు. చదువుకొనే గదిలో మూడు నాలుగు వందలు ఉంటే గొప్ప. గదికి సరిపోయేటట్లు కెమెరాను అమర్చితే కిటికీ బయటి దృశ్యం తెల్లబారిపోవడం సహజం. కనుక కిటికీలో తోటను అతికించినప్పుడు ఆకు ఆకూ స్పష్టంగా, ముదురు పచ్చగా చూపితే అది గోడకు తగిలించిన క్యాలెండరు అవుతుంది. తోటను కొంత వెలిసినట్లు చూపినప్పుడే అది కిటికీ అవుతుంది.

నాలుగవది రంగు. ఫిలమెంటు బల్బు వెలుగు రంగు సుమారు 2,800 కెల్విన్లు. అది పసుపు వన్నె. మధ్యాహ్నపు పగటి వెలుగు సుమారు 5,500 కెల్విన్లు. అది తెలుపు, నీడలలో నీలపు ఛాయ. దీపపు గదిలో పగటి చెట్టును అట్లాగే పెడితే అది పరాయిగా నిలబడిపోతుంది. అంతేకాదు, ఆకుల మీద పడిన వెలుగు పచ్చనై చుట్టూ చిమ్ముతుంది. దగ్గరలోని తెల్లగోడకు రవ్వంత పచ్చదనం అద్దాలి. చెట్టు గది నుండి వెలుగును తీసుకోవాలి. గదికి తన రంగును ఇవ్వాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేని చోట సంయోజనం లేదు, అతుకు మాత్రమే ఉంది.

ఐదవది ఆనిక. మొదలు నేలను తాకే చోట సన్నని, చిక్కని నీడ తప్పక ఉండాలి. నున్నని బండ మీద మొదలు ప్రతిబింబం మసకగా తలక్రిందులై కనిపించాలి. చూసేవారిలో చాలామంది ఈ నీడను గమనించరు. అది లేకపోతే మాత్రం ఏదో లోపమున్నదని అందరికీ తోస్తుంది.

ఆరవది అంచు, రేణువు. ఆకుల అంచులు కత్తిరించిన కాగితంలా పదునుగా ఉండరాదు. గది చిత్రం కొంత గరుకుగా ఉంటే చెట్టుకూ ఆ గరుకుదనం రావాలి. గదిలో దూరపు వస్తువులు మసకబారితే, ఆ దూరాన పెట్టిన కొమ్మ కూడా మసకబారాలి.

ఈ ఆరింటినీ పాటించిన విద్యార్థికి ఒక అదనపు లాభం కూడా ఉంది. చిత్రాన్ని చేయడం నేర్చిన కన్ను చిత్రాన్ని పరీక్షించడం కూడా నేర్చుకొంటుంది. ఎవరో పంపిన ఛాయాచిత్రం మనసును రెచ్చగొట్టినప్పుడు, దానిని మరొకరికి పంపే ముందు, నీడలు ఏ దిక్కున ఉన్నాయి, పాదాల క్రింద ఆనిక నీడ ఉందా, రంగు కలిసిందా అని అడిగే అలవాటు అబ్బుతుంది. సాధనాలు నానాటికీ సూక్ష్మమవుతున్నందున కన్ను ఒక్కటే చాలదు. ఆ చిత్రం ఎక్కడి నుండి వచ్చింది, మొదట ఎవరు ప్రకటించారు అన్న విచారణ కూడా తోడు కావాలి. ఒక తప్పుడు చిత్రం ఒక వీధి ప్రశాంతతనే చెరచగలదు. కనుక ఈ విద్యను వినోదంగా మాత్రమే చూడరాదు.

కల్పన, వంచన

1982 ఫిబ్రవరిలో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ముఖచిత్రం మీద గీజా పిరమిడ్ల ఛాయాచిత్రం వచ్చింది. అడ్డంగా ఉన్న చిత్రం నిలువు అట్టకు సరిపోవడానికి రెండు పిరమిడ్లను కంప్యూటరు సహాయంతో దగ్గరకు జరిపారు. సంగతి బయటపడినప్పుడు పెద్ద వివాదం చెలరేగింది. వేల సంవత్సరాలుగా కదలని రాళ్ళను ఒక పత్రిక కదిలించింది. యుల్స్‌మన్ ఏకంగా పైకప్పునే తీసివేసి ఆకాశాన్ని పెట్టాడు. అతనిని ఎవరూ తప్పు పట్టలేదు. ఈ తేడా ఎందువలన వచ్చింది?

మార్పు పరిమాణం ఇక్కడ ప్రమాణం కాదు. చూసేవానితో చేసుకొన్న ఒప్పందమే ప్రమాణం. యుల్స్‌మన్ చిత్రం చూడగానే 'ఇది కల్పన' అని తానే చెబుతుంది. వార్తాపత్రిక చిత్రం 'ఇది ఉన్నది' అని వాగ్దానం చేస్తుంది. ఆ వాగ్దానం చేసి చిన్న రాయిని జరిపినా అది వంచనయే.

ఇది దూరదేశపు సమస్య కాదు. ఇళ్ళు అమ్మేవారి ప్రకటనలలో కిటికీ బయట కనిపించే సరస్సు అసలు స్థలంలో ఉండకపోవచ్చు. విద్యాసంస్థల ప్రవేశ పుస్తికలలో పచ్చిక బయళ్ళు కాగితం మీదనే మొలవవచ్చు. తన గ్రామం నుండి తొలిసారి పట్నానికి వచ్చి, ఆ బొమ్మను నమ్మి రుసుము చెల్లించిన తండ్రికి ఆ పచ్చిక బాకీ ఉన్నట్లే. ఆ బాకీ తీర్చలేని సంస్థ బోధించే నీతి పాఠాలకు విలువ ఉండదు.

అయితే లేని చెట్టును చిత్రంలో చూపడమే తప్పా? ఎంతమాత్రం కాదు. దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో హంఫ్రీ రెప్టన్ (1752-1818) అనే ఉద్యాన శిల్పి తన వద్దకు వచ్చిన భూస్వాములకు ఎర్ర తోలు అట్ట వేసిన పుస్తకాలను తయారుచేసి ఇచ్చేవాడు. అందులో ఉన్న స్థలాన్ని ఉన్నట్లే నీటిరంగులలో చిత్రించి, ఒక కాగితపు రెక్కను అంటించేవాడు. రెక్క మూసి ఉంటే నేటి స్థితి. రెక్క తెరిస్తే కాగల స్థితి. ఇది సంయోజనమే. అయినా ఇందులో వంచన లేదు. ఏది ఉన్నదో, ఏది కావలసినదో రెండూ చూసేవాని చేతిలోనే ఉన్నాయి. నేటి వాస్తుశిల్పులు కట్టబోయే భవనాల చుట్టూ చెట్లను అతికించి చూపే చిత్రాలు ఈ సంప్రదాయానికి వారసులే. అందువలన వాటి క్రింద 'ప్రతిపాదితం' అన్న మాట ఉండడం ధర్మం.

ముగింపు

ఈ పరిశీలన వలన రెండు సత్యాలు తేలుతున్నాయి. దృశ్యం కల్పితం కావచ్చును గాని వెలుగు అబద్ధం ఆడరాదు. ఇది కళాకారుడు ప్రకృతికి చెల్లించవలసిన ఋణం. చిత్రం కల్పితం కావచ్చును గాని దాని క్రింది మాట అబద్ధం ఆడరాదు. ఇది అతడు సాటి మనిషికి చెల్లించవలసిన ఋణం. మొదటి ఋణం తీర్చనివాడు అసమర్థుడు. రెండవది తీర్చనివాడు అసత్యవాది. మొదటి లోపం అభ్యాసంతో పోతుంది. రెండవ దానికి మనస్సాక్షి కావాలి.

విద్యార్థులు ఈ విద్యను అభ్యసించాలని కోరుతున్నాను. తమ తరగతి గదిని తీయండి. అదే ఎత్తు నుండి, అదే వేళకు ఒక చెట్టును తీయండి. రెండింటినీ వెలుగు సమ్మతించేటట్లు కలపండి. ఒకే కాగితం మీద ఎడమ వైపు నేటి గదిని, కుడి వైపు చెట్టు చేరిన గదిని అచ్చు వేసి, మొదటి దాని క్రింద 'ఉన్నది' అని, రెండవ దాని క్రింద 'కావలసినది' అని తెలుగులోను, ఉర్దూలోను వ్రాయండి. దానిని కళాశాల కమిటీ పెద్దలకు సమర్పించండి. గదిలో చెట్టు మొలవనవసరం లేదు. కిటికీ బయట ఒక వేపమొక్క నాటితే చాలు. ఉల్రిచ్ చూసిన రోగులకు మేలు చేసినది గోడ మీది బొమ్మ కాదని ముందే గుర్తు చేసుకొన్నాం.

మంచి చిత్రం చూసేవాని కన్నును తృప్తిపరచి ఊరుకోదు. అతని చేతికి పార అందిస్తుంది. ఆ మొక్క పెరిగి పెద్దదై, దాని నీడ ఎడమ కిటికీ నుండి చదువుకొనేవారి పుస్తకాల మీద పడిన నాడు 'కావలసినది' అన్న మాటను కొట్టివేసి 'ఉన్నది' అని వ్రాసుకోవచ్చును. ఆ నాటి ఛాయాచిత్రానికి ఏ అతుకూ అవసరం ఉండదు.